నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు

రేగడి నేల, రాజ్య వ్యవహారం: ధారావాహిక, 14వ భాగం

చట్టసభ సభ్యుడు ప్రభుత్వ విధానంపై మంత్రికి లిఖితపూర్వకంగా పంపే ప్రశ్న, దానికి మంత్రి పేరున సభకు చేరే జవాబు, ఈ రెండూ అచ్చయిన కాగితం పరిపాలనా చరిత్రకు ఎంత విలువైన ఆధారమో అంత తక్కువగా చదివిన ఆధారం కూడా. గడచిన భాగాలు గుంటూరు, ప్రకాశం జిల్లాల రేగడి భూములను, వాటికి నీరిచ్చిన కాలువలను, వాటి పంటను కొన్న యార్డులను వరుసగా పరిశీలించాయి. ఆ భూముల మంచిచెడ్డలు రాజధానులకు ఏ దారిన చేరాయో, అక్కడినుంచి ఏ రూపంలో తిరిగివచ్చాయో ఈ భాగానికి విషయం. ఊరేగింపు, ధర్నా, వినతిపత్రం, పత్రికలో వార్త, ఇవన్నీ ప్రభుత్వాన్ని కదిలించే సాధనాలే అయినా, వీటిలో దేనికీ ప్రభుత్వం ఫలానా తేదీకల్లా అంకెలతో సహా జవాబిచ్చి తీరాలన్న నియమం లేదు. సభ ఆమోదించిన ప్రశ్నకు మాత్రం ఆ బలముంది, తప్పుడు జవాబిచ్చిన మంత్రిని సభాహక్కుల ఉల్లంఘన కింద నిలదీసే వీలు కూడా అక్కడే ఉంది.

ప్రశ్నలలో ముఖ్యమైనవి రెండు రకాలు. సభలో మంత్రి నోటిమాటగా జవాబివ్వాలని సభ్యుడు కోరే ప్రశ్నకు ముందు చిన్న నక్షత్రం అచ్చువేస్తారు కాబట్టి దానిని నక్షత్ర గుర్తు గల ప్రశ్న అంటారు. జవాబు విన్న తరువాత దానిమీద అనుబంధ ప్రశ్నలు, అంటే అక్కడికక్కడే లేచి అడిగే ప్రశ్నలు, వేయవచ్చు. నక్షత్రం లేని ప్రశ్నకు జవాబు రాతలోనే వస్తుంది, దానిని సభ ముందు ఉంచినట్టు భావిస్తారు, అనుబంధ ప్రశ్నలకు తావుండదు. లోక్‌సభలో రోజుకు మొదటి రకం 20, రెండో రకం 230 వరకు జాబితాలో చేరతాయి. మొదటి జాబితాను ఆకుపచ్చ కాగితం మీద, రెండోదానిని తెల్ల కాగితం మీద అచ్చువేయడం ఆనవాయితీ. పత్రికల దృష్టి సహజంగా పచ్చ కాగితం మీదే నిలుస్తుంది, ఎందుకంటే వాగ్వాదం అక్కడే జరుగుతుంది. అయితే జిల్లాలవారీ పట్టికలు, ఏళ్లవారీ కేటాయింపులు, ఖర్చుకాని నిధుల లెక్కలు దొరికేది ఎక్కువగా తెల్ల కాగితంలోనే కాబట్టి, ఒక ప్రాంతపు చరిత్ర రాసేవారికి నక్షత్రం లేని ప్రశ్నలే అసలైన గని.

ఈ హక్కు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే, అది లేని కాలాన్ని ఒకసారి తలచుకోవాలి. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు మండలాన్ని తుడిచిపెట్టిన కరువును జనం డొక్కల కరువు అని పిలుచుకున్నారు. ఆ మరణాలకు జవాబు చెప్పమని కంపెనీ ప్రభుత్వాన్ని అడగగల సభ మద్రాసులో లేదు. అడగదలచినవారు సముద్రాలు దాటి లండనుకు మొరపెట్టుకోవలసిందే. ఇరవై ఏళ్ల తరువాత మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి సరిగ్గా ఆ పని చేశారు. ఆయన పూనికతో 1852లో ఏర్పడిన మద్రాస్ నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు వినతిపత్రం పంపగా, ఆ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ 1853లో మద్రాసు రాష్ట్రానికి వచ్చి పరిస్థితులు స్వయంగా చూశారు. శిస్తు వసూలుకోసం రైతులను హింసిస్తున్నారన్న విషయం 1854లో కామన్స్ సభ చర్చకెక్కింది. ఫలితంగా ఏర్పడిన విచారణ సంఘం 1855లో ఇచ్చిన నివేదిక, రైతు వేళ్లను రెండు కర్రల మధ్య పెట్టి నొక్కే ‘కిట్టి’ వంటి పరికరాలను పేరుపెట్టి నమోదు చేసింది. పల్లెల్లో అందరికీ తెలిసిన హింస ప్రభుత్వ కాగితంలోకి ఎక్కడానికి లండను సభలో ఒకరు నోరు తెరవవలసి వచ్చిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి.

బ్రిటిష్ పార్లమెంటులో మంత్రిని ప్రశ్నించే సంప్రదాయం 1721లో, సౌత్ సీ కంపెనీ కుంభకోణం సందర్భంగా, ప్రభువుల సభలో మొదలైంది. రాతపూర్వక జవాబులు కామన్స్ సభలో 1902లో వచ్చాయి. భారతదేశంలో శాసనమండలి సభ్యులకు ప్రశ్నించే హక్కు 1892 నాటి కౌన్సిళ్ల చట్టంతో దక్కింది. ఆ హక్కు కింద 1893 ఫిబ్రవరి 16న కేంద్ర శాసనమండలిలో తొలి ప్రశ్న వేసినవారు భింగా రాజా. ఆయన అడిగింది సామ్రాజ్య రక్షణ గురించో రూపాయి మారకం గురించో కాదు. అధికారులు పర్యటనకు వచ్చి మకాం వేసినప్పుడు వారికి దినుసులు సమకూర్చే ఏర్పాటువల్ల పల్లెల్లోని దుకాణదారులు పడుతున్న ఇబ్బంది గురించి అడిగారు. దొరగారి గుడారానికి కోళ్లు, పాలు, కట్టెలు, గడ్డి, బండ్లు అందించే వెట్టి తెలుగు పల్లెలకూ తెలిసినదే కనుక, దేశపు మొట్టమొదటి ప్రశ్న కృష్ణకు దక్షిణాన ఉన్న ఏ గ్రామానికైనా అతికినట్టు సరిపోయేది.

ఆ తొలి హక్కు చాలా ఇరుకైనది. సమాచారం కోరవచ్చునే తప్ప, వచ్చిన జవాబుపై చర్చ కూడదు. అనుబంధ ప్రశ్న అసలే లేదు. 1909 సంస్కరణలు అనుబంధ ప్రశ్నను ప్రవేశపెట్టినా దానిని అసలు ప్రశ్న వేసిన సభ్యుడికే పరిమితం చేశాయి. 1919 సంస్కరణల తరువాతనే ఇతర సభ్యులకూ ఆ వీలు కలిగింది. సమావేశంలో మొదటి గంటను ప్రశ్నలకు కేటాయించడం, నక్షత్ర గుర్తు పెట్టడం 1921 నుంచి అమలులోకి వచ్చాయి. తెలుగు జిల్లాలనుంచి ఈ ఇరుకు దారిలోనే నడిచిన తొలితరంవారిలో రాజమహేంద్రవరానికి చెందిన న్యాపతి సుబ్బారావు పంతులు ప్రముఖులు. ఆయన మద్రాసు శాసనమండలిలోనూ, 1910 నుంచి 1913 వరకు కేంద్ర శాసనమండలిలోనూ సభ్యులు.

గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న ఒంగోలు తాలూకా అప్పుడే ఇందులో కలిసింది. ఈ జిల్లా ప్రశ్నను ఒక వృత్తివిద్యలా సాధన చేసిన మనిషిని దేశానికి ఇచ్చింది. నిడుబ్రోలులో 1900 నవంబరు 7న పుట్టిన గోగినేని రంగనాయకులు, అంటే ఆచార్య ఎన్.జి. రంగా, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివివచ్చి, 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు; మధ్యలో విరామాలున్నా 1991 వరకు ఏదో ఒక కేంద్ర సభలో సభ్యులుగా కొనసాగారు. అధ్యాపకుడిగా మొదలైనవాడు కాబట్టి లెక్క అడగడం ఆయనకు అలవాటు. అంతకంటే ముఖ్యమైనది, అడగడం తన ఒక్కడి పని కాదని ఆయన గ్రహించడం. 1930ల్లో నిడుబ్రోలులో స్థాపించిన రైతాంగ విద్యాలయంలో రైతుబిడ్డలకు అర్థశాస్త్రం, సహకారోద్యమం, పరిపాలన బోధించడం వెనుక ఉన్న ఆలోచన ఇదే: శిస్తు ఎక్కువైందని వాపోయే రైతు వేరు, ఎకరాకు ఎంత దిగుబడిమీద ఎంత శిస్తు పడుతోందో కాగితం మీద చూపగల రైతు వేరు. ప్రశ్నకు ముడిసరుకు ఆ రెండో రైతు నుంచే వస్తుంది.

వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు జీవితంలో ఈ ప్రక్రియ రెండు వైపులా కనిపిస్తుంది. 1920ల చివర కేంద్ర శాసనసభలో అడిగే బల్లమీద కూర్చున్న ఆయన, 1937లో మద్రాసు రాష్ట్ర రెవెన్యూ మంత్రిగా జవాబు చెప్పే బల్లకు మారారు. జమీందారీ రైతుల గోడుకు ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు చొప్పున చెబుతూపోతే తెమిలేది కాదు గనుక, ఎస్టేటు భూముల చట్టంపై విచారణ సంఘానికి తానే అధ్యక్షత వహించి, ఊరూరా సాక్ష్యాలు తీసుకుని సంపుటాలకు సంపుటాలు అచ్చువేయించారు. మంత్రి తానే ప్రశ్నించేవాడిగా మారిన ఆ ఘట్టం తెలుగువారి చట్టసభా చరిత్రలో మరింత లోతైన అధ్యయనానికి అర్హమైనది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలులో శాసనసభ కొలువుదీరినప్పుడు, తొలి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు కాగా, తొలి స్పీకరు నరసరావుపేట ప్రాంతానికి చెందిన నల్లపాటి వెంకట్రామయ్య. ప్రశ్నకూ జవాబుకూ తెలుగు భాషలో చోటు దొరకడం అప్పటినుంచి వచ్చిన పెద్ద మార్పు. ‘అవునండి’, ‘లేదండి’, ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అన్న మూడు మాటలు శాసనసభ జవాబులలో స్థిరపడిపోయాయి. వాటిలో మూడోదాని గురించి కింద వివరంగా చెప్పుకోవాలి. సత్తెనపల్లి నుంచి 1952, 1955, 1962, 1967 ఎన్నికలలో గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య ఈ తెలుగు ప్రశ్నోత్తరాల కాలపు ప్రతినిధి. మెట్ట పొలాల పల్నాడుకు కృష్ణ నీరు తెచ్చే నందికొండ ప్రాజెక్టుకోసం, ఆ తరువాత పాలనలో తెలుగు కోసం ఆయన పడిన పాటు తెలిసినదే. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి ఆయనే తొలి అధ్యక్షులు. నాగార్జునసాగర్‌గా మారిన ఆ నందికొండ ప్రాజెక్టుకు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేయగా, కాలువలకు నీరు వదిలింది 1967 ఆగస్టు 4న. ఆ పన్నెండేళ్లు కుడికాలువ తవ్వకం ఎంతదాకా వచ్చింది, ఏ తాలూకాకు ఎన్ని ఎకరాలు, భూమి పోయినవారికి పరిహారం ఎప్పుడు అన్నవి పల్నాడు, ఒంగోలు ప్రతినిధులకు పాఠం వంటి ప్రశ్నలు. ప్రాజెక్టు గడువు ప్రతి పొడిగింపూ ఏదో ఒక జవాబులో తేదీతో సహా మిగిలిపోతుంది. ప్రశ్న చేసే పనిలో సగం అదే.

జిల్లా గర్వపడే పేర్లతో పాటు జిల్లా గుర్తుంచుకోవలసిన ఒక తేదీ కూడా ఉంది. అత్యవసర పరిస్థితి విధించిన తరువాత 1975 జూలై 21న లోక్‌సభ సమావేశమైనప్పుడు, అత్యవసరమైన ప్రభుత్వ కార్యకలాపాలను మాత్రమే చేపట్టాలని, ప్రశ్నలకు సంబంధించిన నిబంధనలను ఆ సమావేశం వరకు నిలిపివేయాలని తీర్మానం వచ్చింది. దానిని ప్రవేశపెట్టిన పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి గుంటూరు లోక్‌సభ సభ్యుడు కొత్త రఘురామయ్య. స్వాతంత్ర్యోద్యమంలో పెదనందిపాడులో పన్నుల నిరాకరణ జరిపిన జిల్లా, ప్రకాశం పుట్టిన గడ్డ, దేశంలో ప్రశ్న నోరు కట్టేసిన తీర్మానానికి తన ప్రతినిధి గొంతును ఇచ్చిందన్నది బాధ కలిగించే నిజం. మంత్రులు సభలో ఇచ్చే హామీలను ఏరి, అవి నెరవేరాయా లేదా అని వెంటపడే బాధ్యత కూడా ఆ శాఖదే కావడం ఈ ఘట్టాన్ని మరింత బరువైనదిగా చేస్తుంది.

హామీ అన్న మాటను ఇక్కడ వివరించాలి. అంకెలు చేతిలో లేనప్పుడు మంత్రి ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అని జవాబిస్తారు. చదవడానికి తప్పించుకున్నట్టు కనిపించే ఈ వాక్యం నిజానికి మంత్రి మెడకు చుట్టుకునే తాడు. ఎందుకంటే దానిని హామీగా నమోదు చేసి, మూడు నెలలలో నెరవేర్చాలన్న గడువు పెడతారు, నెరవేరనివాటిని 1953లో ఏర్పడిన ప్రభుత్వ హామీల సంఘం విచారిస్తుంది. ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అన్న జవాబు అలాంటిది కాదు; దానికి తాడు లేదు. సభ్యుడు మొదటి భాగంలో ‘ఫలానా నష్టం జరిగిన మాట నిజమేనా’ అని, రెండో భాగంలో ‘నిజమైతే తీసుకున్న చర్యలేమిటి’ అని అడిగితే, మొదటిదానికి ‘లేదండి’ అనగానే రెండోది తనంత తాను రాలిపోతుంది. 2020 సెప్టెంబరు 14న ఈ సంగతి దేశమంతా చూసింది. కరోనా కారణంగా ఆ సమావేశాలలో ప్రశ్నోత్తరాల గంట రద్దయి, నక్షత్రం లేని రాతప్రశ్నలు మాత్రమే మిగిలాయి. లాక్‌డౌన్‌లో ఇళ్లకు నడుస్తూ మరణించిన వలసకూలీలెందరు, వారి కుటుంబాలకు పరిహారమిచ్చారా అన్న ప్రశ్నకు కార్మికశాఖ, అలాంటి లెక్కలు నిర్వహించడంలేదని, అందువల్ల పరిహారం ప్రశ్నే ఉత్పన్నం కాదని రాసి ఇచ్చింది. మిరప కోతలకు పిల్లాజెల్లలతో వలసవచ్చి, కళ్లాల పక్కన గుడిసెలు వేసుకునే కూలీలను ఎరిగిన ఈ సీమకు ఆ జవాబు పరాయిది కాదు. లెక్కపెట్టకపోవడం వల్ల నష్టమే లేకుండాపోయే ఈ తర్కాన్ని ఎదిరించడానికి సభ్యుల చేతిలో ఉన్నది ఒక్క చిన్న ఉపవాక్యం: ‘లేకపోతే, లెక్క సేకరించకపోవడానికి కారణాలేమిటి?’

ప్రశ్న ఎవరికి వేయాలి అన్నది, ఎలా వేయాలి అన్నదానికంటే పెద్ద చిక్కు. చిలకలూరిపేట నుంచి అద్దంకి వరకు, పర్చూరు నుంచి నరసరావుపేట వరకు ఉన్న రేగడిలో ఒకే కుటుంబం ఒకే ఏడు ఒక చెక్కలో పత్తి, ఒక చెక్కలో మిరప, వీలైతే ఇంకొక చెక్కలో పొగాకు వేస్తుంది. అప్పు ఒక్కటే, వాన ఒక్కటే, కాడెత్తిన మనిషీ ఒక్కడే. ఢిల్లీలో మాత్రం ఆ మూడు పంటలనే ముగ్గురు బిడ్డలకు ముగ్గురు సంరక్షకులు. మంత్రిత్వశాఖలను ఐదు గుంపులుగా విడదీసి వారంలో ఒక్కో రోజుకు ఒక్కో గుంపును కేటాయిస్తారు కనుక, ఆ కుటుంబం కష్టం గురించి ఒకే ప్రశ్న, ఒకే రోజు, ఒకే మంత్రిని అడగడానికి దారే లేదు.

వర్జీనియా పొగాకు విదేశీ మారకం తెచ్చే సరుకు కాబట్టి వాణిజ్యశాఖ కిందికి వచ్చింది. 1975 నాటి చట్టం ప్రకారం 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది; 1985లో ఆంధ్రప్రదేశ్‌లో వేలం పద్ధతి మొదలయ్యాక, అంతకుముందు వ్యాపారి గడపలో సరుకు పడేసి డబ్బుకోసం నెలల తరబడి తిరిగిన రైతుకు వేలం కేంద్రంలో బేలు మీద ధర చీటీ కనిపించడం మొదలైంది. బోర్డు ఏటా పార్లమెంటుకు నివేదిక ఇవ్వాలి, కాబట్టి బేరన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) లైసెన్సులెన్ని, అనుమతించిన పంట ఎంత, సగటు ధర ఎంత అన్న ప్రశ్నలకు జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ ఏర్పాటు వర్జీనియాకే; బర్లీ రకాలకు ఆ వేలం లేదు. అందుకే 2025లో బర్లీ ధర పడిపోయినప్పుడు కొనుగోలు భారం రాష్ట్రప్రభుత్వపు మార్క్‌ఫెడ్ మీద పడింది. ఆకు ఆకే అయినా, చట్టంలో రకం పేరు ఉండటం లేకపోవడం వల్ల జవాబుదారీ మారిపోయింది.

పత్తి కథ మరీ చెదిరిపోయింది. కనీస మద్దతు ధరను ప్రకటించే ప్రక్రియ వ్యవసాయశాఖది; ఆ ధరకు కొనవలసిన భారత పత్తి సంస్థ, 1970లో ఏర్పడినది, జౌళిశాఖది; 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చిన సంఘం పర్యావరణశాఖది; ఎరువేమో రసాయనాలు-ఎరువుల శాఖది. కొనుగోలు కేంద్రంలో రైతు ఎదుర్కొనే అసలు సమస్య తేమ. పత్తి బోరాలోకి సూదుల మీటరు గుచ్చినప్పుడు ఎనిమిది శాతం దాకా చూపితే పూర్తి ధర, అక్కడినుంచి పన్నెండు దాకా శాతానికింత కోత, పన్నెండు దాటితే సరుకు వెనక్కి. నవంబరు మంచులో తీసిన పత్తి, తుపాను వానకు తడిసిన పత్తి ఆ గీతకు అవతలే ఉంటుంది. కాబట్టి మద్దతు ధర ఎంత అన్న ప్రశ్నకు వచ్చే గొప్ప జవాబు కన్నా, తేమ పేరుతో ఏ కేంద్రంలో ఎన్ని క్వింటాళ్లు తిప్పిపంపారు అన్న ప్రశ్నకు వచ్చే చిన్న పట్టిక రైతుకు ఎక్కువ చెబుతుంది.

ఈ సీమ పత్తి చరిత్రలో అతి చేదు అధ్యాయం 1980ల్లోది. వరలక్ష్మి వంటి సంకర రకాలతో 1970లనుంచి విస్తరించిన పత్తి మీద, ఆ దశాబ్దం నడుమ తెల్లదోమ విరుచుకుపడింది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టినకొద్దీ పచ్చపురుగు వాటిని తట్టుకునే శక్తి పెంచుకుంది, రైతు మోతాదు పెంచాడు, అప్పు పెరిగింది. 1987-88 పంటకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు అదే పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. వరంగల్ మరణాలు దేశానికి తెలిసిన 1997-98కి అది పదేళ్లు ముందు. ఆ ఏళ్లలో గుంటూరు లోక్‌సభ సభ్యులు, అప్పటికి ఎనభై దాటిన ఎన్.జి. రంగానే. పత్తికి బీమా సంగతేమిటని ఆనాడు ఎవరు అడిగినా విధానం ప్రకారం దొరికే జవాబు ఒక్కటే: 1985లో మొదలైన సమగ్ర పంటల బీమా పథకం తిండిగింజలకు, పప్పులకు, నూనెగింజలకు వర్తిస్తుంది, పత్తికి వర్తించదు. వాణిజ్యపంటలకు, వాటిలో పత్తికీ మిరపకూ, బీమా దారి తెరుచుకుంది 1999-2000లో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమా పథకంతో. మధ్యలో గడచిన పద్నాలుగేళ్లకు బీమా పరిహారం లేదు.

మిరప పరిస్థితి వీటన్నిటికంటే విచిత్రం. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటలలో మిరప లేదు. ఎగుమతి అయ్యే సుగంధద్రవ్యంగా అది వాణిజ్యశాఖలోని సుగంధద్రవ్యాల బోర్డు చూడవలసిన సరుకు. బోర్డు కేంద్రం కొచ్చి. తోటపంటగా అది వ్యవసాయశాఖ చూడవలసిన పైరు. అమ్ముడుపోయేది రాష్ట్ర మార్కెటింగ్‌శాఖ కిందనున్న గుంటూరు యార్డులో. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ యార్డుకు లక్షల టిక్కీలు చేరతాయి; టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనెబస్తా. కమీషన్‌దారు కొట్టు ముందు రైతు తన లాటు పక్కన నిలబడి ఉండగా, కొనుగోలుదారు టిక్కీ కోసి గుప్పెడు కాయ తీసి, రంగు చూసి, వేళ్లమధ్య నలిపి తేమ చూసి, తెల్లబారిన తాలుకాయ పాలెంతో అంచనా కట్టి, నిమిషంలో ధర చెప్పి ముందుకు పోతాడు. కాదంటే శీతల గిడ్డంగి, దాని అద్దె, దానిమీద అప్పు. ఆ నిమిషం గురించి ఏ మంత్రిని అడగాలి?

ధర పతనమైనప్పుడు మిరపకు ఉన్న ఆసరా మార్కెట్ జోక్య పథకం. మద్దతు ధర లేని పంటకు ధర మామూలుకంటే పది శాతమైనా పడిపోయి ఉంటే, రాష్ట్రప్రభుత్వం కోరినమీదట కేంద్రం అనుమతిస్తుంది, నష్టాన్ని ఇద్దరూ చెరిసగం భరిస్తారు. ‘రాష్ట్రం కోరినమీదట’ అన్న షరతే ఇందులో కీలకం. రాష్ట్రం నుంచి ప్రతిపాదన రాకుంటే ఢిల్లీలో వేసిన ప్రశ్న ‘ప్రతిపాదన అందలేదు’ అన్న జవాబుతో ముగుస్తుంది. శాసనసభలో వేసిన ప్రశ్న ‘కేంద్రానికి రాశాం’ దగ్గర ఆగిపోవచ్చు. రెండు జవాబులూ నిజమే కావచ్చు, రెంటినీ పక్కపక్కన పెట్టి తేదీలు పోల్చినప్పుడు గాని కాలయాపన ఎవరిదో బయటపడదు. 2017లో ధర కూలినప్పుడు, మే నెల మొదట్లో కేంద్రం ఆంధ్రప్రదేశ్‌లో 88,300 టన్నులు, తెలంగాణలో 33,700 టన్నులు క్వింటాలు 5,000 రూపాయలకు కొనడానికి అనుమతించి, మే నెలాఖరును గడువుగా పెట్టింది. మే వచ్చేసరికి చిన్నరైతు కళ్లం ఖాళీ అయి చాలా రోజులవుతుంది. సరుకు అప్పటికి వ్యాపారి గిడ్డంగిలో ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ ధర పడినప్పుడు కేంద్రం వేరే పద్ధతి ఎంచుకుంది: 2.58 లక్షల టన్నుల వరకు, క్వింటాలుకు 11,781 రూపాయలను ప్రాతిపదికగా తీసుకుని, అంతకు తక్కువకు అమ్ముకున్న రైతుకు తేడా చెల్లించే పద్ధతి. ముందుగా రావడం మేలే. అయితే తేడా చెల్లించాలంటే రైతు ఎవరో కాగితం మీద ఉండాలి, చిక్కంతా అక్కడుంది.

ఈ రెండు జిల్లాల మిరప చేలలో పెద్దభాగం కౌలుచేతుల్లో ఉంది. ఎకరాకు వేలల్లో కౌలు ముందే చెల్లించి, పెట్టుబడి పెట్టి, టిక్కీలతో యార్డుకు వచ్చే మనిషి పేరు పాసుపుస్తకంలో ఉండదు. రాష్ట్రం 2011లో రుణ అర్హత కార్డులకు, 2019లో పంట సాగుదారు హక్కుల పత్రాలకు చట్టాలు చేసింది. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కిసాన్ మాత్రం పట్టాభూమినే కొలబద్దగా తీసుకుంది. రైతు అంటే భూమి ఉన్నవాడా, పంట పండించినవాడా అన్న నిర్వచనం తేల్చకుండా వచ్చే ‘లబ్ధిదారుల సంఖ్య’ ఎంత పెద్దదైనా సగం నిజమే. రైతు ఆత్మహత్యల లెక్కలలోనూ ఇదే చిక్కు: జాతీయ నేరగణాంకాల సంస్థ 1995 నుంచి వ్యవసాయదారులను విడిగా చూపుతున్నా, ఠాణాలో తొలి కాగితం రాసినప్పుడు కౌలురైతును ఏ గడిలో వేశారన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి, పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నేలలో ఎక్కువభాగం గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మధ్య పంపకమైనాక, పాత జవాబులను కొత్తవాటితో పోల్చేటప్పుడు ఏ మండలం ఎక్కడికి పోయిందో చూసుకోవలసిన పని కూడా తోడైంది. ఇంతటి పరిశీలన తరువాత, మిరప గురించి నక్షత్రం లేని ఒక ప్రశ్నను, 150 మాటలలోపు, వ్యవసాయశాఖ మంత్రికి రాయవలసి వస్తే అది ఇలా ఉండాలి:

(ఎ) 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ఎండుమిరపకు అనుమతించిన ధర తేడా చెల్లింపు కింద గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలలో ఒక్కొక్కదానిలో ఎన్ని క్వింటాళ్లకు, ఎందరు రైతులకు, ఎంత మొత్తం చెల్లించారు;

(బి) వారిలో సాగుదారు హక్కుల పత్రంతో నమోదైన కౌలురైతులు ఎందరు;

(సి) రాష్ట్రప్రభుత్వ ప్రతిపాదన అందిన తేదీ, అనుమతి ఇచ్చిన తేదీ, తొలి చెల్లింపు జరిగిన తేదీ ఏవి;

(డి) పై వివరాలలో దేనినైనా నిర్వహించకపోతే, నిర్వహించకపోవడానికి కారణాలేమిటి?